ఆ బాణం గుర్తును కాసేపు ఆపండి: గేమ్‌లు తయారుచేసేవారికి ఒక బహిరంగ లేఖ

గేమ్‌లు తయారుచేసే డిజైనర్లకు, ప్రోగ్రామర్లకు, వాటికి బొమ్మలు గీసేవాళ్ళకు, మాటలు రాసేవాళ్ళకు,

నమస్కారం.

పోయిన నెల ఒక సెలవురోజు మా అమ్మాయి పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ (ఎటైనా స్వేచ్ఛగా తిరగగలిగే లోకం ఉండే ఆట) ఒకటి ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తనకు 11 ఏళ్ళు. గుర్రమెక్కి కోట నుంచి పల్లెకు, పల్లె నుంచి మళ్ళీ కోటకు తిరుగుతోంది. మధ్యలో ఒక నది, దాని మీద రాతి వంతెన. పనిలేక లెక్కపెట్టాను, గంటలో ఆరుసార్లు ఆ వంతెన దాటింది. ఆట ఆపాక మాటవరసకు అడిగాను, "ఇంతకీ ఆ పల్లె నదికి ఇవతల ఉందా, అవతల ఉందా?" అని.

"ఏ నది నాన్నా?"

జ్ఞాపకశక్తి తక్కువేం కాదు. క్లాసులో అందరి పుట్టినరోజులూ గడగడా చెబుతుంది. విషయం ఏమిటంటే, ఆ గంటసేపూ తన చూపు స్క్రీన్ కింది మూలలో ఉన్న గుండ్రటి మినీ మ్యాప్ దాటి రాలేదు. చొక్కా గుండీ అంత ఉంటుంది అది. అందులో పసుపు రంగు బాణం ఒకటి మెరుస్తుంటుంది. బాణం ఎటు తిరిగితే గుర్రం అటు. మీలో ఎవరో నెలల తరబడి కూర్చుని ఆ నది నీళ్ళకు కదలిక తెచ్చి ఉంటారు, వంతెన రాళ్ళ మీద నాచు కూడా గీశారు, నేను చూశాను. అంత కష్టపడి గీసిన లోకంలో మా పిల్ల గుండీ అంత వలయాన్ని చూసుకుంటూ తిరిగింది. నిజం చెప్పొద్దూ, మీ గురించే ఎక్కువ బాధేసింది.

నేను గేమ్‌లను తిట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. చిన్నప్పటి నుంచీ ఆడుతున్నాను, ఇప్పటికీ పిల్లలు పడుకున్నాక ఆడతాను. మ్యాప్ చదవడం నాకు బడి కన్నా ఎక్కువగా నేర్పింది ఆటలే. అందుకే అడుగుతున్నాను: బాణం గుర్తు ఆపేసినా ఆడుకోగలిగే ఆట చేయండి. సెట్టింగ్స్‌లో బాణం ఆపే బటన్ చాలా గేమ్‌లలో ఇప్పటికే ఉంది. నేను అడిగేది ఆ బటన్ కాదు. అది నొక్కాక కూడా ఆట నడవాలి.

ఆ తేడా ఏమిటో మా ఇంట్లోనే బయటపడింది. నదీ వంతెనా సంగతి తర్వాత నేనే వెళ్ళి బాణం ఆపేశాను. "ఇప్పుడు మ్యాప్ చూసుకుని వెళ్ళు" అన్నాను పెద్ద గొప్పగా. పది నిమిషాలు తిరిగి మా అమ్మాయి కంట్రోలర్ నా చేతిలో పెట్టింది. "నువ్వే వెతుకు" అంది. నిజంగానే నా వల్ల కాలేదు. ఆ క్వెస్ట్ (ఆటలో మనకు అప్పగించే పని) ఇచ్చిన ముసలాయన అన్న మాట ఇంతే: "నా ఉంగరం దొంగలెత్తుకుపోయారు, తెచ్చిపెట్టు నాయనా." ఏ దొంగలు? ఎక్కడుంటారు? ఏ కొండ కింద, ఏ చెరువు పక్కన? ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు మరి, బాణం ఉందిగా! మ్యాప్ తెరిస్తే ఊళ్ళ పేర్లున్నాయి కానీ కొండలకూ వాగులకూ పేర్లు లేవు. బాణం ఉంటుందనే ధీమాతో ఆ లోకంలో మాటలు రాశారు, మ్యాప్ గీశారు. అది తీసేస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 2002లో వచ్చిన మోరోవిండ్ అనే గేమ్‌లో క్వెస్ట్ బాణాలు లేవు. దారి అడిగితే మనుషులు నోటితో చెప్పేవాళ్ళు: ఫలానా ఊరు దాటి తూర్పుకు వెళ్ళు, వంతెన వస్తుంది, అక్కడి నుంచి వాగు వెంట పైకి నడువు, అన్నట్టుగా. మన పాత్ర దగ్గరున్న డైరీలో ఆ మాటలు చేరేవి. ఒక పక్క డైరీ, ఒక పక్క మ్యాప్ పెట్టుకుని నడవడమే. కొన్నిచోట్ల ఆ మాటలు తికమకగా ఉండేవి, చీకటి పడ్డాక కొండల్లో తిరిగి తిరిగి విసుగొచ్చి ఆపేసిన రోజులున్నాయి. అయినా ఆ ఆటలోని ద్వీపం ఈ రోజుకీ నా కళ్ళకు కడుతుంది. అదే సిరీస్‌లో తర్వాతి గేమ్ ఆబ్లివియన్ 2006లో వచ్చింది. దాని దిక్సూచి పట్టీ మీద ఎర్రటి బాణం పెట్టారు. ఆట చాలా హాయిగా సాగింది. అందులో ఏ ఊరు ఎక్కడుందో చెప్పమంటే మాత్రం నేను తెల్లమొహం వేస్తాను.

తెలుగులో మనకు మంచి మాట ఉంది, కొండగుర్తు. మర్చిపోవడానికి వీల్లేని ఆనవాలు అన్నమాట. దారి చెప్పే పద్ధతి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. దూరం నుంచి కనబడాలి, మరోదానిలా ఉండకూడదు, దానికో పేరుండాలి. 2017లో వచ్చిన జెల్డా గేమ్, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో ఈ పని బాగా చేశారు. అందులో మ్యాప్ మొదట ఖాళీ. ఒక్కో ప్రాంతంలో ఒక్కో టవర్ ఎక్కితే ఆ ముక్కలో కొండలూ లోయలూ గీతల రూపంలో తెరుచుకుంటాయి. అక్కడితో అయిపోదు. టవర్ పైన నిలబడి దుర్భిణితో చుట్టూ చూసి, కళ్ళకు ఏది వింతగా కనబడితే అక్కడ మనమే ఒక పిన్ పెట్టుకోవాలి. అది ఆడుతుండగా మా అమ్మాయి "నాన్నా, ఆ రెండు ముక్కలైన కొండ పక్కన..." అని మొదలుపెట్టడం నేను చెవులారా విన్నాను. నది కనబడని పిల్లకు కొండ కనబడింది. పిల్ల అదే పిల్ల, మారింది ఆట.

ఇంకా వెనక్కి వెళితే మ్యాపే ఇవ్వని ఆటలున్నాయి. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1970ల నడుమ ఒక ఆట రాశాడు. ఆయనకు గుహల్లో తిరగడం, వాటిని కొలిచి పటాలు గీయడం పిచ్చి. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అనే బ్రహ్మాండమైన గుహల వ్యవస్థ ఉంది. అందులో తనకు తెలిసిన భాగాన్నే ఆటగా మార్చాడు, తన ఇద్దరు కూతుళ్ళు ఆడుకోవడానికి. 1977లో డాన్ వుడ్స్ దాన్ని ఇంకా పెద్దది చేశాడు. బొమ్మ ఒక్కటీ ఉండదు. "నువ్వు ఇలాంటి గదిలో ఉన్నావు" అని అక్షరాల్లో చెబుతుంది, ఉత్తరం అని టైప్ చేస్తే ఉత్తరానికి వెళతాం. దాని పేరు అడ్వెంచర్, కొలోసల్ కేవ్ అని కూడా అంటారు.

దాన్ని పిల్లలిద్దరి చేతా ఆడించాను. టైప్ చేసే పని నాది, మ్యాప్ గీసే పని వాళ్ళది. అమ్మాయి గళ్ళ కాగితం తెచ్చుకుంది. ఒక గదికి ఒక గడి, ఉత్తరం ఎప్పుడూ పైకి, స్కేలు పెట్టి గీతలు. చిన్నవాడికి 8 ఏళ్ళు. వాడు పాత క్యాలెండర్ వెనక పేజీ తీసుకుని అవకతవకగా సున్నాలు చుట్టి, సున్నాకూ సున్నాకూ మధ్య బాణాలు వేసి, వాటి మీద ఉ, ద, తూ, ప అని రాసుకున్నాడు. మొదటి అరగంట అక్కదే పైచేయి. తమ్ముడి కాగితం చూసి "ఇదేం మ్యాప్‌రా" అని నవ్వింది.

ఆ తర్వాత చిక్కుదారుల గదులొచ్చాయి. ఆ గుహలో ఒకచోట అన్నీ ఒకేలా ఉండే వంకర దారుల గదులుంటాయి. వర్ణన ఒక్కటే, అక్షరం తేడా ఉండదు. పైగా ఉత్తరానికి వెళ్ళి, మళ్ళీ దక్షిణానికి వస్తే మొదటి గదికి రావాలని రూలేం లేదు. దారి మధ్యలో మెలి తిరిగి ఉంటుంది. గళ్ళ కాగితం మీద ఒకే గడిలో రెండు గదులు పడ్డాయి. అమ్మాయి చెరిపింది, మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపింది, కాగితం చిల్లు పడింది. చిన్నవాడు మాత్రం నిదానంగా ఇంకో సున్నా చుట్టి ఇంకో బాణం వేస్తున్నాడు. వాడి మ్యాప్‌కు దిక్కులతో పేచీ లేదు. ఏ గదిలోంచి ఏ గదికి పోవచ్చో తెలిస్తే చాలు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, ఇది పాత గదో కొత్త గదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. కాసేపు ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. "మన దగ్గరున్న సీసా ఇక్కడ పడేద్దాం నాన్నా. మళ్ళీ సీసా కనబడితే ఇదే గది." ఆ ఉపాయం వాళ్ళకు నేను చెప్పలేదు. 1970లలో ఆ ఆట ఆడినవాళ్ళు ఎంతమందికో అదే తట్టింది. సీసా, తాళాలు, తిండి పొట్లం, ఒక్కోటీ ఒక్కో గదిలో పెట్టారు. దీపం కూడా పెట్టేద్దామన్నాడు చిన్నవాడు. అక్క నెత్తిన ఒక్కటిచ్చింది, దీపం వదిలేస్తే గుహలో దారెలా కనబడుతుందని.

మర్నాడు వాళ్ళకు లండన్ భూగర్భ రైళ్ళ మ్యాప్ చూపించాను. హ్యారీ బెక్ అనే ఆయన గీసింది 1933లో అచ్చయింది. ఎలక్ట్రికల్ సర్క్యూట్ల బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. స్టేషన్ల మధ్య అసలు దూరాలు వదిలేశాడు, వంకర టింకర లైన్లను తిన్నని గీతలు చేశాడు, ఏ లైన్ ఎక్కడ దేన్ని కలుస్తుందో అది మాత్రం తప్పు పోకుండా చూపించాడు. మా వాడు దాన్ని చూసి ఎగిరి గంతేశాడు. "ఇది నా మ్యాపే!" అన్నాడు. ఒక మ్యాప్ దూరం చెబుతుంది, ఒకటి దిక్కు చెబుతుంది, ఒకటి కేవలం కలయికలు చెబుతుంది, ఏ పనికి ఏది వాడాలో గీసేవాడు ఎంచుకుంటాడు. ఈ సంగతి పాఠంలా చెప్పి ఉంటే ఇద్దరూ ఆవలించేవాళ్ళు. ఒక సాయంత్రం దారి తప్పినందుకు దక్కింది.

ఆట లోపలే మ్యాప్ గీయించే పని మీలో కొందరు చేశారు, అందుకు దండం పెడతాను. 2007లో నింటెండో డీఎస్ అనే రెండు తెరల చేతి గేమ్ యంత్రం మీద వచ్చిన ఎట్రియన్ ఒడిస్సీలో పై తెర మీద చీకటి దారులు, కింది తెర మీద గళ్ళు. నడుస్తూ నడుస్తూ స్టైలస్‌తో (తెర మీద రాసే పుల్లతో) గోడలు మనమే గీసుకోవాలి, తలుపుకో గుర్తు, పెట్టెకో గుర్తు. తప్పు గీస్తే అనుభవించేదీ మనమే. 2012 నాటి మయాస్మాటా ఇంకో మెట్టు పైన. అందులో మనమెక్కడున్నామో తెలియాలంటే, తెలిసిన రెండు కొండగుర్తుల వైపు చూసి, వాటి నుంచి గీతలు కలిపి తేల్చుకోవాలి. భూమి సర్వే చేసేవాళ్ళు చేసే త్రిభుజాల పనే అది, ఆటలోకి తెచ్చి పెట్టారు.

ఇప్పుడు చదువు కోసమే అని చెప్పి గేమ్‌లు చేసేవాళ్ళతో రెండు మాటలు. మీ మీద నాకు కోపం కాస్త ఎక్కువే.

మీ మ్యాప్ గేమ్‌లు చాలావాటిలో మ్యాప్ గోడకు వేసిన వాల్‌పేపర్ లాంటిది. మధ్యలో ప్రశ్న వస్తుంది, "ఈ దేశపు రాజధాని ఏది?" నాలుగు జవాబులు, ఒకటి నొక్కాలి, నక్షత్రాలు రాలతాయి. ఆ మ్యాప్ తీసేసి దాని స్థానంలో గుర్రబ్బొమ్మ పెట్టినా ఆట ఇలాగే నడుస్తుంది. మ్యాప్ పేరు చెప్పి క్విజ్ అమ్ముతున్నారు. నాకైతే చిన్న పరీక్ష చాలు: మ్యాప్ చూడకుండా గెలవగలిగితే అది మ్యాప్ గేమ్ కాదు.

పటం ముక్కల పజిల్స్ సంగతి చూడండి. జిగ్‌సా పజిల్ పుట్టిందే మ్యాప్ నుంచి. లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపుల తయారీదారు 1760లలో పటాన్ని చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. సరిహద్దు వెంట కోయడంలోనే ఉంది కిటుకంతా. చేతిలో ఉన్న ముక్క ఆకారమే ఆ దేశం ఆకారం, దాని వంపులో ఏ వంపు ఇముడుతుందో అదే పొరుగు దేశం. ఇప్పుడు ఫోన్లలో ఉండే పజిల్‌లో దేశాన్ని వేలితో లాగి సుమారుగా ఆ పక్కకు తెస్తే చాలు, ఖాళీ చోటు వెలుగుతుంది, ముక్క టక్కున వెళ్ళి అతుక్కుంటుంది. మా వాడు కళ్ళు మూసుకుని వేలు అటూ ఇటూ తిప్పి ఒక ఖండం మొత్తం పూర్తిచేసి చూపించాడు నాకు. ఇదీ ఆ పసుపు బాణానికి చెల్లెలే. ఆ అతుక్కునే దూరాన్ని తగ్గించండి. తప్పు చోట పెడితే అక్కడే ఉండనివ్వండి. పక్క ముక్క పట్టకపోయేసరికి తప్పు వాడికే తెలుస్తుంది.

ఇంకో మనవి. దయచేసి ఆ పజిల్స్‌కు మెర్కేటర్ పటం వాడకండి. అది 1569లో ఓడ నడిపేవాళ్ళ కోసం గీసిన పటం. దిక్సూచి చూసి ఒకే కోణంలో పోతే ఆ దారి దాని మీద తిన్నని గీత అవుతుంది, ఆ పనికి అది బంగారం. ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల మాత్రం సాగిపోతుంది. దాని మీద గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు సమానంగా కనబడతాయి. అసలు లెక్కలో ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. పిల్లలు ఆ ముక్కలను వందసార్లు లాగి లాగి పెడతారు, ఆ తప్పు కొలతలు వేళ్ళలోకి ఎక్కిపోతాయి. తిరిగే గోళాన్ని చూపించడం ఈ రోజుల్లో ఫోన్‌కు పెద్ద పని కాదు కదా. ముక్కను ధ్రువం నుంచి భూమధ్యరేఖ మీదికి లాగితే అది కళ్ళ ముందే కుంచించుకుపోయేలా చేస్తే అదే పెద్ద ఆట అవుతుంది.

ఆటలో మ్యాప్ ఎప్పుడూ నిజమే చెప్పాలని నేననడం లేదు. రిస్క్ అనే బోర్డ్ గేమ్ ఉంది. అల్బేర్ లామోరిస్ అనే ఫ్రెంచ్ సినిమా దర్శకుడు తయారుచేశాడు, 1957లో ఫ్రాన్స్‌లో వచ్చింది. 42 భూభాగాలు, 6 ఖండాలు. భూగోళం ప్రకారం చూస్తే దాని నిండా తప్పులే, ఎక్కడికక్కడ దేశాలను కలిపేశారు, చెరిపేశారు. అయినా ఆ బోర్డు మీద మా అమ్మాయి ఒక సంగతి కనిపెట్టింది. నేను పటం ఎడమ చివర అలాస్కాలో నిశ్చింతగా కూర్చున్నాను. తను కుడి చివర కమ్‌చాట్కా నుంచి దాడి చేస్తానంది. "అదెలా కుదురుతుంది, నువ్వు ఆ చివర, నేను ఈ చివర" అన్నాను బుకాయిస్తూ. బోర్డు అంచున చుక్కల గీత చూపించింది. చిన్నవాడు లేచి వెళ్ళి అట్లాస్‌లో ప్రపంచ పటం పేజీని గొట్టంలా చుట్టి పట్టుకొచ్చాడు. రెండు అంచులూ కలిశాయి. ఆసియాకూ అమెరికాకూ మధ్య బేరింగ్ జలసంధి వెడల్పు ఇరుకైన చోట 100 కిలోమీటర్లు కూడా లేదని చూసి ఇద్దరూ నోరెళ్ళబెట్టారు. నేను ఓడిపోయాననేది వేరే సంగతి.

అదే పిల్ల ఇప్పుడు జియోగెస్సర్‌లో నన్ను రోజూ ఓడిస్తోంది. 2013లో ఆంటన్ వాలెన్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఆట అది. ప్రపంచంలో ఎక్కడో ఒక రోడ్డు మీద మనల్ని దించేస్తుంది, అది ఎక్కడో ఊహించి మ్యాప్ మీద గుర్తు పెట్టాలి. ఐదు రౌండ్లు, ఎంత దగ్గరగా పెడితే అన్ని పాయింట్లు, రౌండుకు 5000 దాకా. నేను బోర్డుల మీద లిపి కోసం వెతుకుతూ ఉంటే తను ఒకరోజు కరెంటు స్తంభం నీడ చూసింది. మూలనున్న దిక్సూచితో పోల్చి చూసింది. "నీడ దక్షిణానికి పడింది నాన్నా. అంటే సూర్యుడు ఉత్తరాన ఉన్నాడు. మనం కింది అర్ధగోళంలో ఉన్నాం!" భూమధ్యరేఖకు దగ్గరైతే ఈ లెక్క తప్పొచ్చని నేను నసిగాను కానీ, ఆ రౌండ్ తనే గెలిచింది. భూమి వంపు గురించి పుస్తకంలో ఉన్న పేజీన్నర తనకు ఒక స్తంభం నీడలో అర్థమైంది. ఆ ఆటలో బాణం ఉండదు, చూశారా. ప్రశ్నే "నువ్వెక్కడున్నావు?"

మీరు లెక్కలు అడుగుతారని తెలుసు, అందుకే ఒకటి చెబుతాను. 2016లో సీ హీరో క్వెస్ట్ అనే ఫోన్ గేమ్ వచ్చింది. మతిమరుపు జబ్బు తొలి లక్షణాల్లో దారి తప్పడం ఒకటి కాబట్టి, మామూలు మనుషులు దారి ఎలా కనుక్కుంటారో ముందు తెలుసుకుందామని శాస్త్రవేత్తలు దాన్ని చేయించారు. ఆట మొదట్లో మ్యాప్ చూపిస్తారు, ఏ వరుసలో ఏ గుర్తు దగ్గరికి పోవాలో చూసుకోవాలి, ఆ వెంటనే మ్యాప్ మాయం. ఇక గుర్తు పెట్టుకున్నదాన్ని బట్టి పడవ నడపాలి. 40 లక్షల మందికి పైగా ఆడారు. మ్యాప్ మాయం చేస్తే జనం పారిపోతారని భయపడేవాళ్ళు ఈ సంఖ్యను ఒకసారి చూడాలి. 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఆడిన తీరు మీద 2022లో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. పట్నాల బయట పెరిగినవాళ్ళు సగటున దారి బాగా పట్టుకున్నారు. చదరంగం గళ్ళలా తిన్నని వీధులున్న పట్నాల్లో పెరిగినవాళ్ళు వెనకబడ్డారు. చిన్నప్పుడు తిరిగిన చోటు ముద్ర అంతగా ఉంటుందన్నమాట. గేమ్ ఆడితే ఆ శక్తి పెరుగుతుందని ఆ వ్యాసం చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ ఈ రోజుల్లో పిల్లలు చిన్నప్పుడు తిరిగే చోట్లలో మీరు గీసిన లోకాలు కూడా ఉన్నాయి. ఆ సంగతి మీకు గుర్తుచేస్తున్నాను, అంతే.

ఇక కొన్ని చిన్న చిన్న పనులు, ఇవి చేయడానికి పెద్ద టెన్షన్ పడక్కర్లేదు. మినీ మ్యాప్ మనతోపాటు గిరగిరా తిరగకుండా, ఉత్తరం ఎప్పుడూ పైకే ఉండేలా పెట్టుకునే వీలివ్వండి. తిరిగే మ్యాప్‌తో మలుపులు తేలిక, నిజమే. కానీ నిలకడగా ఉన్న మ్యాపే మనసులో బాగా నిలుస్తుంది. మూలన ఒక స్కేలు గీత గీయండి. మా పిల్లలు ఒక గేమ్ మ్యాప్‌ను ప్రింట్ తీసి, దారి మీద దారం పరిచి, రెండు ఊళ్ళ మధ్య దూరం కొలిచారు. కొలిచాక "ఇన్ని సెంటీమీటర్లు అంటే ఎంత దూరం?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చివరికి గుర్రం మీద ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి లెక్కేసి, సెంటీమీటరుకు ఇన్ని నిమిషాలని వాళ్ళే స్కేలు తయారుచేసుకున్నారు. కాగితం మ్యాపులు కూడా మళ్ళీ ఇవ్వండి. 1982లో అల్టిమా 2 పెట్టెలో గుడ్డ మీద అచ్చేసిన మ్యాప్ వచ్చేది. ఇప్పుడు పెట్టెల్లో వచ్చే ఆటలే తక్కువ కాబట్టి గుడ్డ అడగను, ప్రింట్ తీసుకోవడానికి ఒక ఫైల్ చాలు. పిల్లలు దాని మీద పెన్సిల్‌తో రాసుకోవాలి.

మీరు అనబోయేది నాకు వినిపిస్తూనే ఉంది. రోజంతా పనిచేసి వచ్చి అరగంట ఆడుకునేవాళ్ళకు కొండల్లో తిరిగే ఓపిక ఎక్కడిదని. ఒప్పుకుంటాను, ఆ అరగంట మనిషిని నేనే. చాలా రాత్రులు నేనే బాణం ఆన్ చేసుకుంటాను. దిక్కులు, దారులు పట్టుకోవడం పుట్టుకతోనే కష్టమయ్యేవాళ్ళున్నారు, చూపు సరిగా లేనివాళ్ళున్నారు, వాళ్ళకు ఆ బాణం లేకపోతే ఆటే లేదు. కాబట్టి దాన్ని పీకేయమని అనడం లేదు. ముసలాయన చేత నాలుగు మాటలు ఎక్కువ పలికించండి, "వంతెన దాటాక ఎడమ పక్క వాగు వెంట వెళితే కాలిపోయిన గాలిమర కనబడుతుంది, దాని వెనకే వాళ్ళ మకాం" అని. బాణం ఉన్నవాళ్ళకు ఆ మాటల వల్ల నష్టం లేదు. లేనివాళ్ళకు ఆ మాటలే దారి. రాసేవాళ్ళకు పని పెరుగుతుంది, గొంతు ఇచ్చేవాళ్ళకు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, తెలుసు. నాచు మీద పెట్టిన ఖర్చులో కొంచెం ఇటు తిప్పితే సరిపోతుందేమో చూడండి.

ఆడేవాళ్ళ మీద కూడా కాస్త నమ్మకం ఉంచండి. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 2013లో తమ దేశాన్ని మైన్‌క్రాఫ్ట్ అనే దిమ్మెలు పేర్చి లోకాలు కట్టుకునే ఆటలో 2200 కోట్ల దిమ్మెలతో కట్టి పెట్టింది. మరుసటి ఏడాది డెన్మార్క్ సర్కారు తమ దేశం మొత్తాన్ని అందులోనే అసలు కొలతకు, ఒకటికి ఒకటిగా దించింది. బడి పిల్లలు చూసి నేర్చుకుంటారని వాళ్ళ ఉద్దేశం. డైనమైట్ పనిచేయకుండా ఆపేశారు కూడా. కొందరు ఆటగాళ్ళు దాన్ని పట్టాల బండిలో పెడితే పేలుతుందని కనిపెట్టి ఊళ్ళు లేపేశారు! ఈ కథ చెప్పినప్పుడల్లా మా వాడు పగలబడి నవ్వుతాడు, తర్వాత డెన్మార్క్ ఎక్కడుందో అట్లాస్ తీసి చూపిస్తాడు. అల్లరి కోసమైనా సరే, ఆ దేశాన్ని ఇంచు ఇంచూ తిరిగి చూసింది వాళ్ళేగా.

నది సంగతి మిగిలిపోయింది. మొన్న మా అమ్మాయి ఆ పాత గేమ్ మళ్ళీ తెరిచింది, బాణం ఆపేసి, పక్కన తెల్ల కాగితం పెట్టుకుని. క్వెస్ట్‌లు ఏవీ ముట్టుకోలేదు. వంతెన దగ్గర మొదలుపెట్టి నది ఒడ్డు వెంట ఎగువకు గుర్రాన్ని నడిపించుకుంటూ పోయింది, రెండు సాయంత్రాలు పట్టింది. చిన్నవాడు పక్కన కూర్చుని వాగులు వచ్చి కలిసినప్పుడల్లా గీత వేశాడు. మీ మ్యాప్‌లో ఆ వాగులకు పేర్లు లేవు కాబట్టి వీళ్ళే పెట్టారు. ఒకదాని పేరు చెల్లి వాగు, ఇంకొకదాని పేరు మా పక్కింటి కుక్క పేరు. నది పుట్టిన చోటికి చేరితే అక్కడ కొండ గోడలోంచి నీళ్ళు ఊరికే వస్తున్నాయి, బుగ్గ లేదు, మంచు లేదు, చెరువు లేదు. గీసినవాళ్ళు అంతదూరం ఎవరూ రారనుకున్నట్టున్నారు. "నాన్నా, ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వాళ్ళను అడుగు" అంది.

అడుగుతున్నాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి, రాత్రిపూట ఆటగాడు